వాసిలిన్ దూది, పద్దెనిమిది మీటర్ల లోతు

రెండువేల ఇరవై రెండు, పత్తి సీజను. ఆదోని మార్కెట్ యార్డు ముందర పత్తి లారీలు రోడ్డు మీదికొచ్చి నిలబడే రోజులు. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. క్లినిక్ ఆదోనిలో, గురువారాలు మాత్రం ఎమ్మిగనూరులో కూర్చుంటా. నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లు చెవులే. మిషన్ల రొదకు మందగించినవి కొన్ని, దుమ్ముకు చీము పట్టినవి కొన్ని. రొదకనీ, దుమ్ముకనీ చెవుల్లో దూది కుక్కుకోవడం ఈ ఊర్లో చొక్కాకు గుండీ పెట్టుకున్నంత మామూలు.

అట్లాంటి ఊర్లో సముద్రంలో మునిగి చెవి చెడగొట్టుకున్న కేసు నాకొస్తుందని కలలో గూడా అనుకోలేదు.

ఉరుకుందమ్మ నాకు పాత పేషెంటు. జిన్నింగ్ మిల్లులో పని. ఎడమ చెవి కర్ణభేరికి చిల్లు ఉంది. ఆ పొద్దు ఆమె వచ్చింది తన చెవి కోసం కాదు, కొడుకు వీరేశు కోసం. వానికి ఇరవై రెండేండ్లు. తుంగభద్ర కాలువలో ఈత నేర్చినోడు. కర్ణాటక తీరంలో ఓడల అడుగుభాగం తనిఖీ చేసే ఒక కంపెనీలో ట్రైనింగుకు ఎంపికైనాడు. స్కూబా డైవింగు, అంటే వీపున గాలి సిలిండరు కట్టుకొని నీళ్ళలోకి దిగే పని. పద్దెనిమిది మీటర్ల లోతుకు మూడుసార్లు దిగి వస్తే ఉద్యోగం. వీడు ఐదు మీటర్లకే చెవి నొప్పి తట్టుకోలేక పైకొచ్చేసినాడు.

"ఇది తప్పితే నాతోపాటు మిల్లుకే రావల్ల సార్," అన్నది ఉరుకుందమ్మ. "ఆ దుమ్ముకు నా రొమ్ము ఎట్ల పట్టేసిందో నాకు తెలుసు. వాడు ఆడికి రాగూడదు. మీరు ఏమన్నా సెయ్యండి."

వీరేశు రెండు చెవుల్లోనూ దూది ఉంది. ఫోర్సెప్స్‌తో తీసి ట్రేలో పడేసినా. ఒటోస్కోప్, అంటే చెవిలోకి చూసే లైటు, పెట్టి చూస్తే కర్ణభేరి ఎర్రబడింది. బయటి నుంచి కర్ణభేరి దాకా పోయే చెవి గొట్టం గూడా కమిలింది.

"పిన్నీసుతో కెలికినావా?"

"లేదు సార్."

"కెలక్కుండానే ఇట్ల కమిలిందా? ఎవరికి చెప్తావు నువ్వు?"

నా గద్దింపుకు జడిసి, చెప్పాల్సింది చెప్పకుండా పోయిన పేషెంట్లు చానామంది ఉంటారు. అది నా జబ్బు.

నొప్పికి కారణం నాకు తేలిగ్గానే తోచింది. కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న గది ఉంటుంది. ముక్కు వెనక నుంచి ఆ గదికి ఒక సన్న దారి, దాని పేరు యూస్టేషియన్ ట్యూబ్. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు కర్ణభేరిని లోపలికి నొక్కుతాయి. మనం ఆ ట్యూబ్ గుండా గాలి పంపి, లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడికి సమానం చేసుకోవాల. దీన్ని ఈక్వలైజింగ్ అంటారు. వీనికి అది సరిగా చేతకావడం లేదనుకున్నా.

కూర్చోబెట్టి నేర్పినా. ముక్కు వేళ్ళతో పట్టుకొని, నోరు మూసుకొని, ముక్కులోకి మెల్లగా ఊదడం. దీన్ని వల్సాల్వా అంటారు. అది కుదరకుంటే ముక్కు పట్టుకొని గుటకెయ్యడం. నొప్పి పుట్టినాక కాదు, పుట్టకముందే, దిగే ప్రతి అరమీటరుకూ చెయ్యాల. తలకిందులుగా గాకుండా కాళ్ళు కిందికి పెట్టి దిగాల. గాలి పోకుంటే బలవంతం చెయ్యకుండా మీటరు పైకొచ్చి మళ్ళీ చూడాల. జలుబుంటే అసలు దిగనే గూడదు.

ఇన్ని చెప్పినోనికి ఈత రాదు. తుంగభద్రలో మోకాళ్ళదాకా దిగిందే నా లోతు.

వాడు ఊదుతుంటే లైటు పెట్టి చూసినా. కర్ణభేరి బాగానే కదిలింది. "నీ ట్యూబ్ భేషుగ్గా ఉంది పోరా. రెండు వారాలు నీళ్ళ జోలికి పోవద్దు. మానిందో లేదో నాకు చూపించి, అప్పుడు పో," అన్నా. రెండు వారాలకు మానింది. వాడు పోయినాడు.

నెల తిరక్కముందే ఒక గురువారం తల్లీ కొడుకూ ఆదోని నుంచి బస్సెక్కి ఎమ్మిగనూరు క్లినిక్‌కే వచ్చేసినారు. నేను తిరిగొచ్చేదాకా ఆగలేకపోయినారు. వాని మొగం పీక్కుపోయింది.

"ఆరు మీటర్లు పోయినా సార్. మీరు చెప్పినట్లే ప్రతి అరమీటరుకూ ఊదినా. ఊదేకొద్దీ నొప్పి ఎక్కువైంది. లోపలినుంచి ఏదో బయటికి తోసుకొని వస్తాన్నట్లుండె. నీ చెవులు ఈ పనికి రావని ఇన్‌స్ట్రక్టరు అనేసినాడు."

ఊదేకొద్దీ ఎక్కువైంది అన్నచోట నాకు అనుమానం వచ్చింది. లైటు పెట్టి చూసినా. కర్ణభేరి లోపలికి నొక్కుకోలేదు, బయటికి ఉబ్బింది. చెవి గొట్టం గోడల మీద నెత్తుటి బొబ్బలు. అంటే చెవి గొట్టంలోకి నీళ్ళే పోలేదు. ఏదో అడ్డం పడింది.

"దిగేటప్పుడు చెవుల్లో ఏం పెట్టుకున్నావు?"

"ఏమీ లేదు సార్. దూదే."

"దూదా! చెవుల్లో ఏమీ పెట్టుకోగూడదని క్లాసులో చెప్పలేదా?"

"ప్లగ్గులు పెట్టుకోగూడదన్నారు సార్. ప్లగ్గులంటే బజార్లో అమ్మే రబ్బరు బిరడాలనుకున్నా. ఇది దూదే గదా."

తల మీద బిగుతుగా రబ్బరు టోపీ తొడుగుతారంట. దాని కింద ఏముందో ఎవరూ చూడలేదు. ఇంతలో ఉరుకుందమ్మ అందుకుంది.

"నేనే పెట్టుకోమంటి సార్. వాసిలిన్ రాసి, ఉండలు సేసి, డబ్బాలో పెట్టి నేనే పంపిస్తి. మీరే గదా సార్ నాకు సెప్పినారు, తలకు పోసుకునేటప్పుడు అట్ల పెట్టుకోమని. నా సెవిలోకి ఒక్క సుక్క నీళ్ళు పోలేదు. వాడు సముద్రంలోనే దిగుతాండాడంటే, ఇంకెంత గట్టిగా పెట్టుకోవల్ల అనుకుంటి."

నిజమే, నేనే చెప్పినా. చిల్లున్న చెవికి తలస్నానమప్పుడు ఆ వాసిలిన్ ఉండ మంచిదే. లోతు నీళ్ళలో అదే ముప్పు. ఉండ బిగుసుకుంటే చెవి గొట్టంలో ఒడ్డు మీది గాలి చిక్కుకొని, లోతుకు తగ్గ ఒత్తిడి లేకుండా అట్లనే పలచగా ఉండిపోతుంది. వీడు నేను నేర్పినట్లు లోపల గాలి నింపేకొద్దీ కర్ణభేరి ఆ పలచటి గాలి వైపు ఉబ్బింది. నా పాఠం ఎంత శ్రద్ధగా చేస్తే అంత దెబ్బ తగిలింది.

"అయితే వాని సెవులు నేనే సెడగొట్టినానా సార్?" కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అడిగింది.

"నువ్వు గాదు ఉరుకుందమ్మా. మొదటిసారి ఆ దూది తీసి పారేసింది నేను. ఫోర్సెప్స్‌కు వాసిలిన్ అంటుకుంది గూడా. ఎందుకు పెట్టుకున్నావురా అని ఒక్క మాట అడగలేదు. ఈ ఊర్లో అందరి చెవుల్లో ఉండేదే గదా అని వదిలేసినా. పైగా వాన్నే గద్దించినా. తప్పు నాది."

సిగ్గుతో తల ఎత్తలేకపోయినా. అక్కడే కూర్చొని ఇన్‌స్ట్రక్టరుకు ఫోన్ చేసినా. ఆయన మొదట వినలేదు, బ్యాచ్ అయిపోయిందన్నాడు. జరిగిందంతా చెప్పి, లోపం చెవులది కాదని రాసి సంతకం పెట్టి పంపుతానంటే, వచ్చే బ్యాచ్‌తో ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. అదే ఆఖరిదన్నాడు.

బొబ్బలు పూర్తిగా మానేదాకా వీరేశును పోనియ్యలేదు. వాడు పోయిన పది రోజులకు, ఓపీలో పేషెంటును చూస్తుండగా ఫోన్ వచ్చింది.

"మూడుసార్లూ పద్దెనిమిది మీటర్లు పోయొచ్చినా సార్! చెవులు ఖాళీగా పెట్టుకొనే దిగినా. నొప్పే లేదు. ఉద్యోగం ఇచ్చినారు."

ముందున్న పేషెంటు నా మొగం చూసి ఏమైంది సార్ అని అడిగినాడు.

సాయంత్రం మిల్లు పని దిగి ఉరుకుందమ్మ వచ్చింది. కొడుకు ఆమెకు గూడా ఫోన్ చేసినాడంట. నవ్వుతూ వస్తుందనుకున్నా. స్టూలు మీద కూర్చొని, "సార్, ఒకటి అడుగుతా. ఆ పొద్దు తప్పు నాదన్నారే, అది నిజంగానే అన్నారా, నేను ఏడుస్తానని అన్నారా?" అనింది.

"నిజంగానే అన్నా. తప్పు నాదే."

"సరే సార్. ఈ నెలంతా నాకు కంటికి కునుకు లేదు. ఈ పొద్దు పండుకుంటా," అని లేచి పోయింది.

చెవిలోంచి ఏది తీసినా, అది ఎందుకుందో అడిగి తీయాలని ఆ కేసుతో నేర్చుకున్నా. తప్పు నాదని ఒకసారి అనేసి చేతులు దులుపుకోగూడదనీ, ఎదుటి మనిషి నమ్మేదాకా చెప్పాలనీ ఉరుకుందమ్మ నేర్పింది.