పల్లంరాజు మాస్టారి ముగ్గురు సాక్షులు

పల్లంరాజు మాస్టారు ఏ ప్రశ్నకీ సమాధానం చెప్పేవారు కాదు. బళ్లో సోషల్ చెప్పే మనిషికి ఇంతకంటే పనికిరాని అలవాటు ఉండదు. ఏది అడిగినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "అదొక ప్రాజెక్టు! ముగ్గురిని అడిగి రాసుకురా" అనేవారు. ఆ ముగ్గురూ కింద సంతకాలు చెయ్యాలి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యాలి. ఇంటివాళ్ల సాక్ష్యం చెల్లదు. పుస్తకంలో చూసి రాసింది అసలే చెల్లదు.

తొంభై ఏడులో నేను ఏడో తరగతి. ధవళేశ్వరానికి దిగువన కాలవగట్టు మీద ఉండేది మా హైస్కూలు. "టైమెంతండీ మాస్టారూ?" అని అడిగిన పాపానికి నేను ఒకరోజు బడి మానేసి పద్దెనిమిది ఇళ్ల గడియారాలు చూసి రావలసి వచ్చింది. ఏ రెండూ కలవలేదు. పోస్టాఫీసు గడియారం ఆగిపోయి రెండేళ్లయిందనీ, అయినా ఊరంతా దాన్ని చూసే బస్సుకి బయల్దేరుతోందనీ నా పరిశోధనలో తేలింది.

ఇంట్లోనూ ఇదే వరస. ఆదివారం పూట ఆయన భార్య చిన్నమ్మాయి గారు, "ఏం కూర వండమంటారండీ?" అని అడిగితే, "అదొక ప్రాజెక్టు, కనుక్కొస్తాను" అని నోటుపుస్తకం పట్టుకుని పేటలోకి వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చి, ఎవరింట్లో ఏం వండారో వరసగా చదివి వినిపించేవారు. ఆవిడ అప్పటికే పచ్చడన్నం తిని పడుకునేవారు.

మా హెడ్మాస్టరు వెంకటరాజు గారికి మాత్రం ప్రాజెక్టంటే థర్మోకోలు. థర్మోకోలు లేని చోట విజ్ఞానం ఉంటుందని ఆయన నమ్మేవారు కాదు. అసలు ఆనకట్ట మా బడికి నాలుగు మైళ్ల దూరంలోనే ఉంది. అయినా ఏటా వైజ్ఞానిక ప్రదర్శనకి బీరువా మీద నుంచి థర్మోకోలు ఆనకట్ట దింపి, దుమ్ము దులిపి, ఎలకలు కొరికిన గేట్లకి జిగురు రాసి పట్టుకెళ్లేవాళ్లం.

"ఆనకట్ట బానే ఉందండి. నీళ్లేవీ?" అన్నారు ఓసారి పల్లంరాజు మాస్టారు.

"నీలం కాగితం అంటించాం కదండీ!"

"అది ఎన్ని ఎకరాలు తడుపుతుందో, అదొక ప్రాజెక్టు."

అప్పట్నించీ వాళ్లిద్దరికీ మాటలు తక్కువ.

నా బెంచీలోనే కూర్చునేది ప్రిస్కిల్లా. కూర్చునేది అనడం కూడా ఎక్కువే. సార్వా పంట నాట్లకీ, కోతలకీ, మళ్లీ రెండో పంట దాళ్వా నాట్లకీ నాయనమ్మ సువార్తమ్మతో కూలికి వెళ్లేది. వెళ్లకపోతే ఇల్లు గడవదు. మాస్టారు ఆమెకి ఏడాదంతా ఒకటే ప్రాజెక్టు ఇచ్చారు. నాలుగు వెదురు పుల్లల్ని గజం చదరంగా కట్టి, చేలో పడేసి, లోపల ఎన్ని వరి దుబ్బులున్నాయో లెక్కపెట్టడం. నాకు గడియారాలూ, ఆమెకి హాయిగా చేల గట్ల మీద షికారూనా అని నేను కుళ్లుకునేదాన్ని.

ఫిబ్రవరిలో హెడ్మాస్టరు మా తరగతి హాజరుపట్టీ పట్టుకుని వచ్చారు.

"ఏంటండీ ఇది? ఎర్ర సిరాతో 'ప్రాజెక్టు పని' అని యాభై రెండు రోజులు రాశారు! రూల్సులో ఇలాంటి హాజరు లేదండి. ఈ ప్రిస్కిల్లా పేరు కొట్టేస్తున్నాను."

పేరు కొట్టేస్తే ఏడో తరగతి కామన్ పరీక్ష రాయనివ్వరు. పరీక్ష లేకపోతే ఇక చదువే లేదు. ప్రిస్కిల్లా తల దించుకుని బల్ల మీద గీతల్ని వేలితో దిద్దుతోంది.

మాస్టారు కళ్లజోడు పైకి నెట్టారు. "అదొక ప్రాజెక్టు! ప్రదర్శనకి విద్యాశాఖ పెద్దాఫీసరు గారొస్తున్నారు. ఆయన్ని కూడా కలుపుకుని ముగ్గురిని అడిగి అప్పుడు కొట్టేయండి."

ప్రదర్శన రోజున ఆ ఆఫీసరు గారు ఏడు అగ్నిపర్వతాలూ, తొమ్మిది ఆనకట్టలూ చూసి ఆవలిస్తూ మా బల్ల దగ్గరికి వచ్చారు. హెడ్మాస్టరు ఆనకట్టని ఎత్తి చూపించబోతే, ఆయన చూపు పక్కనున్న వెదురు పుల్లల మీద పడింది.

"ఇదేంటమ్మా?"

"దుబ్బుల లెక్కండి," అంది ప్రిస్కిల్లా. "నలభై చేలల్లో చూశానండి. రోజు కూలికి నాటిస్తే గజానికి ఇరవై ఎనిమిది దాకా ఉంటాయండి. ఎకరానికింతని గుత్తకిస్తే పద్దెనిమిదేనండి. గుత్తయితే గబగబా నాటేసి ఇంకో చేలోకి పోతామండి. ఎడం ఎక్కువైపోద్దండి."

ఆవలింత ఆగిపోయింది. "మొగల్తూరు దగ్గర మా చేను మూడేళ్ల బట్టి పలచగానే ఉంటోంది. గుత్తకే ఇస్తున్నాం. దీనికి ఆధారమేంటి?"

"ముగ్గురు నాటేవాళ్ల వేలిముద్రలున్నాయండి."

ఆఫీసరు గారు పేజీలు తిప్పి పైకి చదివారు: "పదకొండో చేను, శ్రీ వెంకటరాజు గారిది. గుత్త. పదహారు. అన్నిటికన్నా తక్కువ."

"పదహారా!" అన్నారు హెడ్మాస్టరు. ఆనకట్ట చేతిలోంచి జారి మూడు గేట్లు ఊడిపోయాయి.

"దీనికి ఎన్ని రోజులు పట్టిందమ్మా?"

"యాభై రెండండి."

మాస్టారు ఎర్ర సిరా సంగతి చెప్పగానే ఆఫీసరు గారు హాజరుపట్టీ తెప్పించుకుని, యాభై రెండు రోజులూ హాజరేనని రాసి సంతకం పెట్టారు. మొదటి బహుమతి మాత్రం ఎర్ర బల్బున్న అగ్నిపర్వతానికే ఇచ్చారు.

పట్టీని స్టాఫ్ రూములో పెట్టమని నాకిస్తే దారిలో తెరిచి చూశాను. ఎర్ర సిరా ప్రిస్కిల్లా ఒక్కదానికే కాదు. నా గడియారాల రోజు, చినబాబు కాలవ చేపల రోజు, అందరివీ ఉన్నాయి. అన్నీ నాట్లవీ కోతలవీ రోజులే. ఒక్క పేరు పక్కనే ఎర్రగా కనిపించకూడదని మా అందర్నీ ఊరంతా తిప్పారు మహానుభావుడు!

"ఇందుకేనాండీ మాస్టారూ?" అని అడిగాను.

"అదొక ప్రాజెక్టు. ముగ్గురిని అడుగు."

అడిగాను. ప్రిస్కిల్లా నవ్వేసి సంతకం పెట్టింది. సువార్తమ్మ వేలిముద్ర వేస్తూ, "ఆదివారం ఆదివారం ఏం కూరే అని వచ్చేవోరమ్మా. కూర వంకన, ఈ వారం పిల్ల ఏ చేలోకి ఎల్తాదో రాసుకుపోయేవోరు" అంది. చిన్నమ్మాయి గారు సంతకం చేసి, "నా కూర సంగతి మాత్రం ఇంకా తేలలేదమ్మా" అన్నారు.

కాగితం తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన చివరిదాకా చదివి, కళ్లజోడు పైకి నెట్టారు.

"మూడో సాక్షి మా ఇంటావిడ. ఇంటివాళ్లది చెల్లదు. మళ్లీ రాసుకురా!"