మలేషియాకి ఒక్క రింగు

ఇంటర్నెట్టు మీద విదేశాల ల్యాండ్‌లైన్లకి చౌకగా ఫోను చేసే విద్యలో నరసరావుపేట మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. ముప్పై రెండు కంపెనీలను పరిశీలించాను. ఒక్కో కంపెనీ షరతులను మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివాను. ఈ విషయంలో నా సలహా కోసం చిలకలూరిపేట నుంచి కూడా మనుషులు వస్తుంటారు.

ముప్పై రెండు కాదు, నాలుగు. ఆ నాలుగింట్లో రెండు ఒకే కంపెనీవని తర్వాత తెలిసింది. చిలకలూరిపేట నుంచి వచ్చిన మనిషి కూడా ఒక్కడే. అతను మా వియ్యంకుడు. వేరే పని మీద వచ్చి, భోజనం అయ్యాక నేను ఈ సంగతి ఎత్తగానే బస్సు టైమైందని లేచిపోయాడు.

ఈ విద్య నేర్వాల్సిన అవసరం మా అక్క వల్ల వచ్చింది. అక్కకి ఎనభై దాటాయి. తాతల కాలంలో రబ్బరు తోటల పనికి మలేషియా వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళ ఇంటికి ఆమెను ఇచ్చారు. వెళ్ళి అరవై ఏళ్ళు కావస్తోంది. బావగారు పోయారు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లో అక్క ఒక్కతే. చూపు బాగా తగ్గింది. సెల్‌ఫోను అద్దం మీద వేలు పెడితే ఏం తెరుచుకుంటుందో, ఎవరికి పోతుందో ఆమెకు తెలియదు. అందుకని ఆమెకు మిగిలింది హాల్లో గోడవార స్టూలు మీద ఉన్న పాత ల్యాండ్‌లైను ఒక్కటే. ఇన్నాళ్ళూ ఆమే ఫోను కార్డు కొనుక్కుని, వెనకాల గీకి, అంకెలు నొక్కి నాకు చేసేది. ఇప్పుడా అంకెలు ఆమెకు ఆనడం లేదు.

ఒక ఆదివారం కోడలి సెల్‌ఫోనులోంచి వీడియోలో మాట్లాడింది. గొంతు బాగా తగ్గించి, "ఒరేయ్, ఇక నుంచి నువ్వే చెయ్యాల. ఈ ల్యాండ్‌లైను దండగ, తీయించేద్దాం అంటన్నారు. దీనికి మోసగాళ్ళ ఫోన్లు తప్ప ఏమీ రావంట. నువ్వు వారం వారం చేస్తంటే, ఇదిగో మా తమ్ముడు చేస్తన్నాడు అని చూపించి ఉంచుకుంటా," అంది.

"కోడలి ఫోన్లో ఇట్టా మాట్లాడుకోవచ్చు గదక్కా?"

"కోడలి ఫోన్లో కోడలి గురించి ఎట్టా మాట్లాడేదిరా?"

ఇంతకంటే న్యాయమైన కారణం నేను కోర్టుల్లో కూడా వినలేదు. అక్క ఫోను పోతే అక్క నోరు మూసినట్టే. నిలబెట్టాల్సిన బాధ్యత నా మీద పడింది. నేను నడుం కట్టాను.

నలభై ఏళ్ళు కరెంటు సామాన్ల కొట్టు నడిపినవాణ్ణి. వైరు కట్ట మీద ఎన్ని మీటర్లో అచ్చువేసి ఉన్నా విప్పి కొలిచి చూస్తేగాని నమ్మని బేరగాళ్ళ మధ్య బతికాను. ఆ కొలత ఈ కంపెనీల మీద పెట్టాను. ఒక కంపెనీవాడికి నిమిషం అంటే అరవై సెకన్లు కాదు. మీరు 'హలో' అని పెట్టేసినా అది నిమిషమే. ఇంకొకడు మాటలకి చానా తక్కువ తీసుకుంటాడు, కాని అవతలివాళ్ళు ఫోను ఎత్తినందుకు విడిగా తీసుకుంటాడు. పెళ్ళిభోజనం ఉచితం, విస్తరికి మాత్రం డబ్బులన్నట్టు. మూడోవాడు మనం వేసిన డబ్బు ఎన్నాళ్ళయినా భద్రంగా ఉంటుందన్నాడు. ఎన్నాళ్ళయినా అంటే వాడి లెక్కలో ఆర్నెల్లు. నాలుగోవాడు 'అన్‌లిమిటెడ్' అని పెద్దక్షరాలతో రాసి, ఆ మాట నెత్తిన చిన్న చుక్క పెట్టాడు. ఆ చుక్క వెంట పట్టుకుని పేజీ అడుగుకు దిగితే, లిమిట్ ఎంతో అక్కడ ఉంది.

మా పక్కింటాయన ఒకప్పుడు ముప్పాళ్ళ దగ్గర ఒక ఊరికి సర్పంచి. మాకు చుట్టరికం లేదు గాని నన్ను బావా అంటాడు. ఆ చుక్కను చూసి ఎంతో ముచ్చటపడ్డాడు.

"ఇది మేనిఫెస్టో బావా. నేను కూడా పెట్టేవాణ్ణి ఈ చుక్క. కాకపోతే మాకు అచ్చులో పెట్టడం తెలవదు. 'నిధులొస్తే' అని నోటితో అనేవాణ్ణి."

రేటు తగ్గించమని ఒక కంపెనీ లేడీ మేనేజరుతో స్వయంగా గంటసేపు బేరమాడాను కూడా. తెర మీద మూలన నవ్వు మొహంతో ఒకావిడ బొమ్మ వచ్చి 'మీకు ఎలా సహాయపడగలను?' అంది. మేము పాత కస్టమర్లం, చూసి వేసుకోండి అని రాశాను. అప్పటికింకా కొత్త కస్టమర్ని కూడా కాలేదు. ఆవిడ 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అంది. సరే, మీ మాట వద్దు నా మాట వద్దు, మధ్యన వేసుకోండి అన్నాను. మళ్ళీ ధన్యవాదాలు.

వెనక నుంచి చూస్తున్న మా ఆవిడ అంది: "అది మనిషి కాదండీ, మెషీను."

"అయితే ఏందే? బేరానికి మనిషే కావాలా?"

చివరకు సెకన్ల లెక్కన తీసుకునేవాణ్ణి, ఫోను ఎత్తినందుకు విడిగా అడగనివాణ్ణి, అసలు ఎత్తకపోతే ఏమీ తీసుకోనివాణ్ణి పట్టుకుని డబ్బు వేశాను. పొద్దున పదకొండింటికి, అంటే అక్కకి మధ్యాహ్నం ఒకటిన్నర, కోడలు ఆఫీసులో ఉండగా, మొదటి ఫోను చేశాను. దిగ్విజయం. అరగంట మాట్లాడుకున్నాం. అక్క గొంతు గుళ్ళో గంటలా ఖంగున వినిపించిందని వీధి వీధంతా చెప్పాను.

ఆ అరగంట మూడు నిమిషాలు. గుడిగంట సంగతి తర్వాత చెబుతాను. లైను బాగాలేదని, మళ్ళీ చేస్తానని అరిచి పెట్టేశాను. బాగాలేని లైనుకి మందు కంపెనీ మార్చడమే కదా. మార్చాను. రెండోదానిలోనూ అదే తంతు. మూడోదానికి మారాను.

ఈ మార్పుల మధ్య అక్కను గాలికి వదిలేశానని అనుకోకండి. రోజూ పదకొండింటికి తప్పకుండా ఒక రింగు ఇచ్చి పెట్టేసేవాణ్ణి.

దీని గురించి కొంచెం చెప్పాలి. మా కుటుంబం సగం జీవితాన్ని ఎత్తని ఫోన్ల మీద నడిపింది. గుంటూరు నుంచి సరుకు బయలుదేరితే కొట్టుకి ఒక రింగు. ఆటో నాదెండ్ల అడ్డరోడ్డు దాటితే రెండు. మా ఆవిడ పుట్టింటికని శావల్యాపురం వెళ్తే, బస్సు దిగగానే ఒక రింగు. పొరపాటున ఎవరైనా ఫోను ఎత్తితే ఇంటిల్లిపాదికీ కంగారు, డబ్బు పెట్టి మాట్లాడేంత ఉపద్రవం ఏమొచ్చిందా అని. ఫోను ఒకసారి మోగి ఆగిందంటే మాకు అర్థం ఒకటే: అంతా క్షేమం. అక్కకి కూడా అలా రోజూ క్షేమం పంపుతున్నాననుకున్నాను. ఆదివారాలు రెండుసార్లు పంపేవాణ్ణి. మలేషియాకి రోజూ ఫోను చేస్తూ పైసా ఖర్చు చేయని మనిషిని నేనేనని గర్వంగా ఉండేది. మా ఆవిడకీ, సర్పంచి బావకీ మాత్రం "అక్కతో మాట్లాడా" అని చెప్పేవాణ్ణి. మోగించడం అంటే మాట్లాడటమే కదా మా లెక్కలో.

మూడు వారాలు గడిచాయి. ఒక బుధవారం మేమిద్దరం వరండాలో ఉండగా మా ఆవిడ ఫోనుకి అక్క కోడలు గొంతు రికార్డు చేసి పంపింది. మా ఆవిడ దాన్ని గట్టిగా పెట్టింది.

"అత్తయ్యా, మావయ్యకి చెప్పండి, ఆ ల్యాండ్‌లైన్‌కి ఇంక చెయ్యొద్దని. శుక్రవారం తీయించేస్తున్నాం. రోజూ మధ్యాహ్నం ఎవరో ఒక్కసారి మోగించి కట్ చేస్తున్నారు. సాయంత్రం వచ్చి నంబర్ చూస్తే ఒక వారం ఒక దేశం, ఇంకో వారం ఇంకో దేశం. ఇంట్లో మనుషులు ఉన్నారా లేదా అని దొంగలు అలా చూస్తారంట, పక్కింటివాళ్ళు చెప్పారు. మా అత్తగారు భయపడి పగలంతా గడియ పెట్టుకుని కూర్చుంటున్నారు. ఇంక ఆ ఫోన్ ఎత్తొద్దని చెప్పేశాం."

నేను వేపచెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ నా వైపు చూస్తూ కూర్చుంది.

"రోజూ పదకొండింటికి అక్కయ్యతో మాట్లాడతన్నారుగా? మరి ఈ దొంగల సంగతి ఆవిడ చెప్పలేదా మీకు?"

"లైను బాగుండట్లేదే."

"మూడు కంపెనీలు మార్చారు. మూడింటికీ బాగాలేదా?"

"అన్నీ అంతే. చౌక గదా."

"నిన్న బియ్యం కొట్టాయన ఇదే బల్ల మీద మీ పక్కన కూర్చుని మాట్లాడితే, దానికీ ఆఁ ఆఁ అన్నారు. ఆయనది ఏ కంపెనీ?"

ఇక దాచి లాభం లేదు. ఏ కంపెనీ లైనులోనూ లోపం లేదు. ఏడాది నుంచి నాకు కుడిచెవి మూసుకుపోయినట్టుంది, ఎడమది దాని దారే పట్టింది. ఎదురుగా ఉన్న మనిషి పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ల్యాండ్‌లైనులో పెదాలు ఉండవు. అక్క మొదటిరోజు ఏదో చెప్పింది, నేను నవ్వాను. "నవ్వుతావేందిరా?" అంది, ఆ ఒక్కటి స్పష్టంగా వినిపించింది. భయపడి పెట్టేశాను. పిసినారి అన్నా పడతాను గాని చెవిటివాడు అంటే పడలేను. అందుకే కంపెనీలు మార్చాను, అందుకే రింగుతో సరిపెట్టాను. పైగా ఈ కంపెనీల మీద చేస్తే అవతల నా నంబరు కాక ఏదో దేశం నంబరు పడుతుందని, మా అక్క ఈ ఊరు వదిలేనాటికి మా ఇంట్లో ఫోనే లేదని, ఒక్క రింగు అంటే క్షేమమనే మా భాష ఆమెకు రాదని నాకు తట్టనే లేదు.

వెంటనే అక్కకి చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. ఎత్తొద్దని చెప్పారుగా, అక్క మాట తప్పే మనిషి కాదు. శుక్రవారానికి మధ్యలో ఒక్క గురువారమే ఉంది. ఈలోపు సర్పంచి బావ గోడ మీంచి మొత్తం విని, "కలెక్టరుగారికి ఒక అర్జీ పెడదామా బావా?" అన్నాడు. ఆయన కలెక్టరు చేతిలో మలేషియా ఉందనే అనుకుంటాడు.

ఉన్నది ఒకటే దారి. కోడలి సెల్‌కి చేసి ఒప్పుకోవాలి. మా ఆవిడ స్పీకరు నొక్కి ఫోను నా ముందు పెట్టింది. చెప్పాను.

"మావయ్యా, ఆ దొంగ మీరేనా?"

"నేనే అమ్మా."

"ఎందుకలా చేశారు?"

"క్షేమమని చెబుదామని."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "రేపు అదే టైముకి చెయ్యండి. మా అత్తగారిని ఎత్తమంటాను. కానీ మాట్లాడాలి మావయ్యా. మళ్ళీ మోగించి పెట్టేశారో, శుక్రవారం లైన్ తీసేస్తారు," అంది.

గురువారం పదకొండింటికి ఫోను వరండా బల్ల మీద పెట్టి, స్పీకరు చివరికంటా పెంచి చేశాను. ఒకటి, రెండు, మూడు. అయిదో రింగుకి నా వేలు దానంతటదే ఎర్ర గుర్తు మీదికి పోయింది. మా ఆవిడ నా చెయ్యి పక్కకి లాగి పట్టుకుంది. పదకొండో రింగు కూడా అయ్యాక ఎత్తిన చప్పుడు.

"ఎవరూ?"

"నేనక్కా."

"ఒరేయ్ దొంగా! నేను లేచి, గోడ పట్టుకుని, స్టూలు దాకా వచ్చేసరికి ఆగిపోయేది గదరా. రోజూ. నువ్వేనేమో అని రోజూ లేచేదాన్ని. మా తమ్ముడేమోనే అంటే, కోడలు నంబరు చూసి అది వేరే దేశం అత్తయ్యా అనేది. నా తమ్ముడు మాచర్ల బస్సెక్కడానికే ముందూ వెనకా చూస్తాడు, ఇన్ని దేశాలు ఎట్టా తిరుగుతాడ్లే అని ఊరుకున్నా."

పదకొండు రింగులు. ఆ దూరం నడవడానికి అక్కకి అంత పడుతుంది. నేను ఇచ్చింది ఒకటి. రోజూ లేపి, సగం దారిలో నిలబెట్టాను.

"వినపడతందా?" అంది.

"సగం వినపడతందక్కా. చెవి పోయింది నాకు."

"ఎప్పటినుంచి?"

"ఏడాది."

"మరి చెప్పవేందిరా, అరుద్దును గదా!" అని అప్పటినుంచి అరవడం మొదలుపెట్టింది. ఇక ఏ కంపెనీ అయినా ఒకటే. మా సందు చివర ఇస్త్రీ బండి దాకా వినిపించింది. అందని మాటల్ని మా ఆవిడ నా మొహంలోకి చూస్తూ తిరిగి చెప్పింది. అలా గంట అయ్యాక అక్క అసలు సంగతిలోకి వచ్చింది: కొత్త ఫ్రిజ్ అక్కర్లేదన్నా కోడలు కొన్నదని, పాతదాంట్లో తన పచ్చళ్ళకి ఒక అర ఉండేదని, కొత్తదాంట్లో ఆ అర ఏదో తడిమినా తెలియడం లేదని.

"పెద్దమ్మా, ఆ అర సంగతి నువ్వు గట్టిగా నిలబడి అడగాల్సిందే!" అన్నాడు సర్పంచి బావ గోడ మీంచి, ఉండబట్టలేక.

"ఆ గొంతెవరిదిరా?"

"టీవీ అక్కా."

శుక్రవారం లైను తీయలేదు. ఇప్పటికీ తీయలేదు. ప్రతి గురువారం గంట తక్కువ కాకుండా మాట్లాడుతున్నాం. చెవికి పెట్టుకునే మిషన్లు కూడా పరిశీలిస్తున్నాను. ఇప్పటికి ఇరవై రకాలు చూశాను. ఇరవై కాదు, ఒకటి, అదీ కొట్టు అద్దం బయట నుంచి. మా ఆవిడ ఈసారి తానే లోపలికి తీసుకుపోతానంది, ఈ బేరం నా చేతికి ఇవ్వదట.

అక్క సంగతులు ఇప్పుడు మా వీధిలో అందరికీ తెలుసు, ఒక్క ఆమె కోడలికి తప్ప. పోయిన గురువారం సర్పంచి బావ పదింబావుకే కుర్చీ తెచ్చుకుని వరండాలో వేసుకున్నాడు.

"ఇంకా ముప్పావుగంట ఉందయ్యా," అన్నాను.

"తెలుసులే బావా. ఆ పచ్చళ్ళ అర దొరికిందో లేదో, ముందు అది అడుగు," అన్నాడు.