అక్కకు కొన్న పొయ్యి

సోమాజిగూడ ఆస్పత్రిలో డాక్టరు అక్క ఎక్స్‌రే చూసి, "పొగకు దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు దక్కవమ్మా" అన్నప్పటి నుంచి నాకు ఒకటే భయం.

అక్కా బావా మా ఊళ్లోనే ఉంటారు. బావ మగ్గం నేస్తాడు, అక్క నూలుకు రంగులు వేస్తుంది. నేను అమీర్‌పేటలో బ్లౌజులు కుడతాను. చిన్నప్పుడు నన్ను పెంచింది అక్కే. అందుకని ఇప్పుడు ఆమె మీద పెత్తనమంతా నాదే అనుకున్నాను.

మర్నాడే ఆమెను అమీర్‌పేటలో పొయ్యిల దుకాణాలన్నీ తిప్పాను. ఇండక్షన్ కరెంటు పొయ్యి చూపిస్తే, "వాన పడితె కరెంటు పోతది గద" అంది. పైగా ఇంట్లోవన్నీ అల్యూమినియం గిన్నెలు, అవి దాని మీద వేడెక్కవన్నాడు దుకాణమాయన. చివరికి రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి తీసుకున్నాం. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రంగు గంగాళం దీని మీద ఆగుతదా?" అని అడిగింది.

"ముందు అన్నం వండుకో అక్కా. గంగాళం సంగతి తర్వాత జూద్దాం" అని విసుక్కున్నాను. కుట్టాల్సిన బ్లౌజులు షాపులో కుప్పపడి ఉన్నాయి, నా తొందర నాది.

ఆ తర్వాత రోజూ పొద్దున మిషన్ ముందు కూర్చోగానే వీడియో కాల్ చేసేదాన్ని. "పొయ్యి చూపియ్" అనేదాన్ని. అక్క ఫోను తిప్పేది. నీలం మంట మీద అన్నం ఉడుకుతుండేది. హమ్మయ్య అనుకునేలోపు దగ్గు వినబడేది. అడిగితే దుమ్మనేది, చలి అనేది. నాకు నమ్మకం కుదిరేది కాదు. చుట్టాలొస్తే చాయ్ పెట్టడానికని సిలిండర్ దాచిపెట్టి, నేను ఫోను పెట్టేయగానే కట్టెలు ముట్టిస్తోందని అనుమానం. ఆ అనుమానంతో బ్లౌజుకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టిన రోజులు కూడా ఉన్నాయి.

రెండు నెలలకు మళ్లీ చూపించాం. తగ్గకపోగా పెరిగిందన్నాడు డాక్టరు. పంజాగుట్ట బస్టాపులో నలుగురూ చూస్తున్నా ఆగలేకపోయాను.

"సావాలనుందా నీకు? ఎందుకు అబద్ధాలాడుతున్నవ్ నాతోటి?"

అక్కకు దగ్గు తెర వచ్చి ఆగింది. తర్వాత రెండు చేతులూ నా ముందు చాపింది. మణికట్ల దాకా నీలిరంగు.

"అన్నం గ్యాసు మీదనే వండుతున్ననే, ఒట్టు. మరి రంగు సుత కాగాలె గద. పొయ్యి చూపియ్యమన్నవ్, చూపిచ్చిన. కొట్టం చూపియ్యమనలే నువ్వు."

ఇంటి వెనక ఆ కొట్టం నాకు తెలియనిదా? కట్టెల పొయ్యి మీద గంగాళం, పూటంతా మంట, బయటికి పోయే దారి లేని పొగ. కళ్లు మండుతుంటే కర్రతో నూలు తిప్పుతూ పెరిగినదాన్నే.

అటు నుంచి అటే పొయ్యి కొన్న దుకాణానికి పోయాం. గంగాళం ఎంతుంటుందో రెండు చేతులూ చాపి చూపించాను. దుకాణమాయన లోపలి నుంచి పెద్ద బర్నర్ తెచ్చి పెట్టాడు.

"హోటలా మేడం? ఎంతమందికి వండాలె?"

పక్కన స్టూలు మీద కూర్చుని అక్క మళ్లీ దగ్గుతోంది.

"ఒక్కదానికే అన్నా" అన్నాను. "జర జల్ది ప్యాక్ చెయ్."