కారుకు తెచ్చిన నీళ్ళు

మా నాయనకు మొదటి సంతానం కారు. నేను రెండోదాన్ని. చిన్నప్పటినుంచీ నేను ఈ మాట అంటూనే ఉన్నాను. అన్నప్పుడల్లా ఆయన నవ్వేవాడు తప్ప కాదని ఒక్కసారీ అనలేదు. తెల్ల అంబాసిడర్, నాకంటే రెండేళ్ళు పెద్దది. హనుమంతునిపాడు చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళను, పామూరు బజారుకు పోయే వ్యాపారస్తులను, కాన్పుకు పోయే ఆడవాళ్ళను మోసీ మోసీ, చివరికి మా అమ్మను వారానికి మూడుసార్లు మార్కాపురం తీసుకెళ్ళే పనికి మిగిలింది. అమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ మార్కాపురంలోనే చేస్తారు. నా కాపురం కూడా అక్కడే కాబట్టి వాళ్ళు వచ్చే వేళకు నేను ఆసుపత్రి దగ్గర ఉంటాను.

పోయిన ఎండాకాలం ఒక శనివారం ఎంతసేపు చూసినా కారు రాలేదు. ఊరూ నీడా లేని చోట ఇంజన్ మరిగిపోయి ఆగిందట. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ వెనకుండే ఫ్యాను రెక్క ఒకటి మొదట్లో చీలి వేలాడుతోందట. ఇంకెవరైనా అయితే పక్కన వచ్చే ఏ బండినో ఆపి మనిషిని ఎక్కించి పంపేవాళ్ళు. మా నాయన ట్రాక్టరు ఒకదాన్ని ఆపి, కారుకు తాడు కట్టించి, అమ్మతో సహా ఇంటికి లాగించుకుపోయాడు. ఆ రోజు డయాలసిస్ పోయింది.

ఆదివారం పొద్దున్నే నేను ఊరికి వెళ్ళేసరికి అమ్మ మొహం ఉబ్బి ఉంది. పాదం మీద వేలితో నొక్కితే గుంట అలాగే నిలబడిపోయింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని రాత్రంతా మంచం మీద కూర్చునే ఉందట. ఆసుపత్రికి ఫోను చేస్తే సోమవారం మధ్యాహ్నం రెండింటికి ఒక మంచం ఖాళీ ఉంది, అదీ తప్పితే ప్రాణం మీదికి వస్తుందని చెప్పారు.

"ఇంకో బండి మాట్లాడు నాయనా" అన్నాను.

"పెళ్ళిళ్ళ రోజులు. యాడుంటాయి బండ్లు? అయినా మన కారుండంగా ఇంకోళ్ళ బండేంది? గిద్దలూరులో తుక్కు దుకాణమాయన కాడ ఒక పాత అంబాసిడర్ పడుంది. దాని ఫ్యాను ఇప్పుకొస్తా. రేపు పదిగంటలకంతా కారు రెడీ."

నాకు ఒళ్ళు మండింది. పదకొండింటికి కారు కదలకపోతే అంబులెన్సుకు ఫోను చేస్తానని మొహం మీదే చెప్పాను. ఆయన వినిపించుకోకుండా బస్సెక్కి గిద్దలూరు పోయి, పొద్దుగూకే వేళకు ఫ్యానును తువ్వాలలో చుట్టుకుని వచ్చాడు. చంటిబిడ్డను కూడా ఎవరూ అంత పదిలంగా తీసుకురారు.

సోమవారం ఎనిమిదింటికి మెకానిక్ వచ్చాడు. హనుమంతునిపాడులో షెడ్డు ఉన్నాయన, నాయనను మామా అంటాడు, ముప్పై ఏళ్ళుగా ఈ కారుకు ఆయనే వైద్యుడు. రేకుల వసారాలో కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టాను. పదడుగుల దూరంలో కారు, బానెట్ తెరిచి ఉంది.

ఫ్యాను మార్చడం పెద్ద పనేమీ కాదు, చేయి పట్టే సందు లేకపోవడమే కష్టం. రేడియేటర్ పక్కకు తీస్తేగానీ స్పానర్ లోపలికి పోదు. మెకానిక్ రేడియేటర్ కింద పళ్ళెం పెట్టి నీళ్ళు వదిలాడు. పైనా కిందా గొట్టాలు ఊడదీసి, బోల్టులు తీసి, నాయన ఒకవైపు తాను ఒకవైపు పట్టుకుని దాన్ని పైకి లేపారు. తర్వాత బెల్టు వదులు చేసి, ఫ్యానుకున్న నాలుగు బోల్టులూ తిప్పాడు. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదల్లేదు. డీజిల్ పోశాడు, సుత్తితో మెల్లగా కొట్టాడు, మళ్ళీ పోశాడు. తొమ్మిదిన్నర అయింది. అమ్మ ఊపిరి కారు దాకా వినిపిస్తోంది. నేను ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

పదింటికి బోల్టు వచ్చింది. కొత్త ఫ్యాను, అంటే గిద్దలూరు పాత ఫ్యాను, ఎక్కించి నాలుగు బోల్టులూ బిగించాడు. వేలితో తిప్పి చూశాడు. ఎక్కడా తగలకుండా తిరిగింది. నాయన మొహంలోకి రెండు రోజుల తర్వాత రక్తం వచ్చింది.

రేడియేటర్ తిరిగి బిగించేముందు మెకానిక్ మూత తీసి, సెల్లు లైటు వేసి లోపలికి చూశాడు. చూసి, మళ్ళీ చూశాడు.

"మామా, ఇట్ల రా. పదిహేనేళ్ళ కింద నేనే ఏసిన రేడియేటరు ఇది. సుక్క సున్నం పట్టలే! రాగి నిగనిగలాడతాంది. మన బోరు నీళ్ళకి రెండేండ్లకే మూసకపోతయ్. ఏం నీళ్ళు పోసినావు మామా ఇన్నేండ్లు?"

నాయన గర్వంగానే నోరు తెరిచాడు. "నువ్వు చెప్పినట్లే, ప్లాంటు నీళ్ళు..." అని, వసారా వైపు చూసి ఆగిపోయాడు.

అంతకుముందు రెండు రేడియేటర్లు సున్నం పట్టి పాడయ్యాయి. బోరు నీళ్ళు పోయొద్దని అప్పట్లో ఈ మెకానిక్కే చెప్పాడు. ఆ వారం నుంచే మా ఇంటికి ఆటోలో శుద్ధి చేసిన ప్లాంటు నీళ్ళ క్యాను ఒకటి రావడం మొదలైంది. అది కారు నీళ్ళ క్యాను. నాయన దాన్ని కారు షెడ్డులో మూల పెట్టి పైన గోనెపట్టా కప్పేవాడు. నేను ఒకసారి గ్లాసు ముంచితే వీపు మీద ఒకటి వేశాడు. ఇంట్లో తాగడానికి, వండడానికి బోరు నీళ్ళే. అన్నం గిన్నె లోపల తెల్లగా పెచ్చు కట్టేది. అమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమేది. ఆమెకు నలభై దాటకముందే మోకాళ్ళు పట్టేశాయి. మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని, ఏళ్ళ తరబడి మింగింది. నీళ్ళ వల్లనో, మాత్రల వల్లనో, బీపీ వల్లనో తేల్చి చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. కానీ ఆ రాగి నిగనిగ చూశాక డాక్టరు మాట నాకు ఎందుకూ పనికిరాలేదు.

"గిన్నె తెల్లగైతే నీకు కనపడలా గానీ, రేడియేటరు తెల్లగైతే కనపడిందా నాయనా? దీనికి పోసిన నీళ్ళల్లో ఒక చెంబు మాయమ్మకు పోసింటే ఏం పోయేది నీకు?"

అరిచేశాను. మెకానిక్ గొట్టం బిగించే నెపంతో తల వంచుకున్నాడు. నాయన చేతిలో స్పానర్ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఆయన్నేందిమే అనేది?" అంది అమ్మ. మాటకు మాటకు మధ్య ఊపిరి పీల్చుకుంటోంది. "నేనే గదా వద్దన్నింది. మనం కూడా తాగుదామా అని మీ నాయన ఒకసారి అడిగినాడు. ఆ నీళ్ళు చప్పగుంటయ్, దప్పిక తీరదు, నాకు బోరు నీళ్ళే రుచి అని నేనే అంటి."

అది నిజమే. అమ్మ ఆ మాట అనడం నేను చాలాసార్లు విన్నాను. మా ఊళ్ళో సగం మంది ఇప్పటికీ అంటారు.

రేడియేటర్ బిగించారు. ఇక నీళ్ళు పోయాలి. జబ్బు బయటపడ్డాక మా ఇంట్లో ప్లాంటు నీళ్ళ క్యాన్లు నాలుగు వరసగా ఉంటున్నాయి, గోనెపట్టాలు లేకుండా. అమ్మకు మాత్రం డాక్టరు కొలత పెట్టాడు, రోజుకు రెండు గ్లాసులు. నాయన ఒక క్యాను మోసుకొచ్చి కారు దగ్గర దించాడు. మూత తీశాడు. తీసి, రేడియేటర్‌లో పోయకుండా లోపలికి పోయి గ్లాసు తెచ్చి, నిండా ముంచి, అమ్మ దగ్గరికి వెళ్ళి పట్టుకుని నిలబడ్డాడు.

అమ్మ గ్లాసు వంక చూసింది. ఉబ్బిన తన పాదాల వంక చూసుకుంది.

"ఇప్పుడెందుకు?" అంది, కోపం లేకుండా. "కారుకే పొయ్యి. టైమైతాంది."

ఆయన కదల్లేదు. గ్లాసులోంచి నీళ్ళు తొణికి ఆయన చేతి మీదుగా కారుతున్నాయి. నేనే వెళ్ళి గ్లాసు తీసుకుని, ఆ నీళ్ళు రేడియేటర్‌లో పోశాను. క్యాను ఎత్తి మిగతావీ నేనే పోశాను. నాయన మీద అంత జాలి నాకు అంతకుముందెప్పుడూ వేయలేదు, కోపం కూడా పోలేదు.

పదకొండు దాటి పది నిమిషాలకు బయలుదేరాం. నాయన ముందు, మేమిద్దరం వెనక. ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను తడిగుడ్డతో అమ్మ పెదాలు అద్దుతూ కూర్చున్నాను. వేడి చూపించే ముల్లు సగం దగ్గర ఆగింది, అక్కడే ఉంది. ఫ్యాను బాగా పనిచేస్తోంది. సగం దారి పోయాక అమ్మ నా భుజం మీద తల వాల్చింది.

"చప్పగుండవు మే" అంది, నాకొక్కదానికే వినపడేటట్టు.

"ఏంది మా?"

"ఆ నీళ్ళు. మీ నాయన లేనప్పుడు ఒకసారి తాగినా. తియ్యగున్నయ్. రుచి మరిగితే ఇంగ బోరువి తాగలేను, కారుకు తక్కువ పడతయ్ అని..."

ఊపిరి అందక ఆగింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నాయన ముల్లు మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "ఏమంటాంది మీయమ్మ?"

ఏ మాట వచ్చినా ఆయన మొహాన కొట్టే అలవాటు నాది. ఈ మాట కూడా నాలుక చివరిదాకా వచ్చింది. అద్దంలో ఆయన కళ్ళు కనిపించాయి.

"దప్పికంట" అన్నాను.