మందు ఏసోబు

ముదినేపల్లిలో దిగి ఏసోబు ఇల్లెక్కడని అడిగితే ఏ ఏసోబండీ అని ఎదురడుగుతారు. మందు ఏసోబు అంటే చాలు, చెయ్యెత్తి దారి చూపిస్తారు. కొత్తవాళ్లు కంగారు పడనక్కర్లేదు. ఆయన చుక్క ముట్టడు. పరాయి చేలకు పురుగుమందు కొట్టడం ఆయన పని. నలభై ఒకటో ఏడు నడుస్తోంది, ఇరవై రెండేళ్లుగా చేస్తున్నది ఇదే.

మందు కొట్టడం ఏముంది, నాలుగు సాళ్లు తిరిగితే సరి అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మందు కొట్టినా ఉత్త నీళ్లు కొట్టినా దూరం నుంచి చూస్తే ఒకలాగే ఉంటుంది. తేడా పది రోజుల తర్వాత పురుగు చెబుతుంది. సగం మందు చేనుకి, సగం తమ సంచికి చేర్చే మహానుభావులు లేకపోలేదు. ఏసోబు మాత్రం సీసా ఖాళీ అయ్యాక మూడుసార్లు నీళ్లు పోసి తొలిచి, ఆ నీళ్లు కూడా ట్యాంకులోనే పోసేవాడు. వెళ్లేముందు ఆ సీసాను గట్టు మీద ఒక పుల్లకు బోర్లించేవాడు. ఆసామి వచ్చి చూసుకోవచ్చు.

ఏడెకరాల ఆసామి అబ్బాయిరాజు గారు ఏనాడూ చూసుకోలేదు. "సీసా మోటారు షెడ్లో పెట్టాను ఏసోబూ, నేను ఏలూరు పోతున్నాను" అని బండి ఆపకుండానే చెప్పి వెళ్లిపోయేవారు. ఏసోబు తన మొత్తం సంపాదన ఆ ఒక్క మాటే అనుకునేవాడు.

ఆయన తిరుగుడంతా సైకిలు మీదే. వెనక ఇరవై కిలోల పంపు, హ్యాండిల్‌కి బకెట్టు, ఎదురుగా కొల్లేటి మీద నుంచి వచ్చే గాలి. చేపల చెరువుల గట్ల మీదుగా కొల్లేటికోట వైపు పోయి రావడమంటే సరదా కాదు. ఒకరోజు హైస్కూలు డ్రిల్లు మాస్టారు సుకుమార్ మోటారు సైకిలు మీద వస్తూ పక్కన పోతున్న ఏసోబుని చూసి, తర్వాత తన మీటరు చూసుకున్నాడు. ముప్ఫై రెండు. ఎదురుగాలిలో, పంపుతో సహా. మాస్టారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఆయనే చెప్పాడు.

ఆగస్టు పదిహేనుకి ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయి రావడానికి సైకిలు పందెం పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ జట్టు వచ్చింది. అందులో గోపీనాథ్ అనే కుర్రాడికి సైకిలు తొక్కడమే ఉద్యోగం, జీతం కూడా దానికే. ఊళ్లవాళ్లు కూడా పేరివ్వవచ్చన్నారు. మాస్టారు తన పాత రేసు సైకిలు తెచ్చి ఏసోబుని ఎక్కించాడు. వెనక పంపు లేకపోయేసరికి ఏసోబుకి ఏదో మరిచిపోయి వచ్చినట్టు అనిపించింది.

గూడెం దాకా గాలి వీపున తోసింది, కంపెనీ కుర్రాళ్లు ముందున్నారు. తిరుగుదారిలో అదే పడమటి గాలి ముఖాన కొట్టింది. వాళ్లకది కొత్త, ఈయనకి రోజూ ఉన్నదే. ఏలూరు పొలిమేరలో గోపీనాథ్‌ని దాటి, రెండు సైకిళ్ల దూరంతో గెలిచాడు. మైకులో మనవాళ్లు ఎవరో హుషారుగా "మన మందు ఏసోబు" అన్నారు. కొంప అక్కడ మునిగింది.

గోపీనాథ్ జట్టు మేనేజరు ఆ మాట పట్టుకున్నాడు. ఈ వయసులో ఈ తొక్కుడు ఊరికే రాదని ఫిర్యాదు రాశాడు. వైద్యాధికారి ఉషశ్రీ గారు ఏసోబుని టెంటులోకి పిలిపించారు.

"ఏసోబు గారూ, మందేమైనా తీసుకున్నారా?"

"తీసుకోనండీ. కొడతానండి."

"ఎప్పుడు కొట్టారు?"

"నిన్న సాయంత్రం దాకా కొట్టానండి. ఎనిమిది ట్యాంకులు."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "ఎన్నాళ్ల నుంచి?"

"ఇరవై రెండేళ్లండి. మా నాన్న నేర్పాడండి."

డ్రిల్లు మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వి, చేలకండీ, పురుగుమందండీ అని విప్పి చెప్పాడు. టెంటంతా నవ్వింది. ఉషశ్రీ గారు కూడా నవ్వి, "మీరు వెళ్లవచ్చండీ, పరీక్షలు జట్టువాళ్లకే, మీకు అవసరం లేదు" అన్నారు.

ఏసోబు వెళ్లలేదు. నవ్వనివాళ్లు ఇద్దరున్నారు, మేనేజరూ గోపీనాథూ. వాళ్లను చూశాడాయన. "నాకూ చేయండమ్మా. చేసి చూపించేదాకా కప్పు మీ దగ్గరే ఉంచండి" అన్నాడు. చేసిన పనికి సీసా బోర్లించి చూపించే మనిషి, ఇంకోలా ఎలా అంటాడు. తీరా మూత్రం పట్టమని సీసా చేతికిచ్చి ఒక ఉద్యోగి ఎదురుగా నిలబడి చూస్తుంటే, సిగ్గుతో రెండు గంటల పాటు ఒక్క చుక్క రాలేదు. బిందెడు నీళ్లు తాగి, చివరికి కళ్లు మూసుకుని గండం గట్టెక్కాడు.

ఫలితం రావడానికి నెల పడుతుందన్నారు. టెంటులో ఎవరో తీసిన వీడియో ఫోన్లలో రావడానికి గంట కూడా పట్టలేదు. నిన్న ఎనిమిది ట్యాంకులు కొట్టానండి అన్నదాకా ఉంచి, నవ్వులు కోసేసి, మందు కొట్టి గెలిచిన మొనగాడని పేరు పెట్టి వదిలారు. ఊళ్లో కొందరు నవ్వారు, కొందరు ఏమో ఎవరికి తెలుసన్నారు. ఏసోబు భార్య కాంతం ఫోను చూడటమే మానేసింది.

వారం తర్వాత అబ్బాయిరాజు గారి చేలో ఆకుముడత పురుగు పడింది. ఏసోబు వెళ్లేసరికి రాజుగారు సీసా చేత పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. ఏలూరు వెళ్లలేదు. ఏసోబు మందు కలుపుతున్నంతసేపూ అక్కడే ఉండి, ఊరికే గాలికి నిలబడ్డానన్నట్టు అటూ ఇటూ చూశారు. తిట్టినా బాగుండేది. పందెంలో నూరు కిలోమీటర్లు తొక్కి అలసిపోని మనిషికి ఆరోజు ట్యాంకు మోయడం బరువైపోయింది.

ఇంకో వారానికి ఆ చేను దగ్గరికే ఒక కారు వచ్చి ఆగింది. డ్రైవరుని లోపలే ఉంచి గోపీనాథ్ ఒక్కడే దిగాడు. గట్టు దిగివచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ మందో నాక్కూడా చెప్పండి."

"ఏ పురుగండీ?" అన్నాడు ఏసోబు.

"పురుగు కాదు. మీరు వాడేది. ఎవరికీ చెప్పను. వచ్చే ఏడు నన్ను జట్టులో ఉంచుతారో లేదో తెలియడం లేదు."

ఏసోబుకి ముందు ఒళ్లు మండింది. తర్వాత కుర్రాడి ముఖం చూశాడు. అబద్ధం పుట్టించినవాడి ముఖంలా లేదు, భయపడ్డవాడి ముఖంలా ఉంది. జాలేసింది. పంపు నిండా నీళ్లు పట్టి, తన సైకిలుకి కట్టి, అతని చేతికిచ్చాడు.

"కొల్లేటికోట వైపు పదండి. నేను వెనక మీ కారులో వస్తాను."

నాలుగు కిలోమీటర్లకే గోపీనాథ్ దిగి, చెరువు గట్టు మీద కూలబడ్డాడు. గాలి రొప్పడానికి కూడా వీలివ్వడం లేదు.

"ఇదేనండీ మందు" అన్నాడు ఏసోబు పక్కన కూర్చుని. "రోజూ పొద్దున్నే, పరగడుపున. ఇరవై రెండేళ్లు మానకూడదు. పథ్యం ఏమీ లేదండి."

గోపీనాథ్ నవ్వబోయి తల దించుకున్నాడు. ఫిర్యాదు రాయించింది తనేనని చెప్పాడు. తెలుసండీ అన్నాడు ఏసోబు. ఇంత తేలికగా ఎలా అనగలిగాడో ఆయనకే తెలియాలి, మనలాంటి వాళ్లమైతే కారు అద్దాలు మిగిల్చేవాళ్లం కాదు.

సెప్టెంబరు మూడో వారంలో కాగితం వచ్చింది. ఏ దోషమూ లేదు. డ్రిల్లు మాస్టారు కప్పుతో సహా వచ్చి, సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడి, కాగితాన్ని రెండుసార్లు పైకి చదివాడు. చప్పట్లు కొట్టారు. కాంతం కప్పును బియ్యం డబ్బా మీద పెట్టింది. ఏసోబు సంతోషించాడు గాని, ఎక్కడో ఒక మూల ఇంకా ఖాళీగానే ఉంది. టీ కొట్టు దగ్గర రాజుగారు కనబడలేదు.

మర్నాడు పొద్దున్న రాజుగారి చేనికే దోమపోటుకి మందు కొట్టాలి. కాగితం జేబులో పెట్టుకునే వెళ్లాడు. అడిగితే చూపిద్దామని. చెరువు గట్టు మలుపులో ఎదురుగా రాజుగారి బండి వస్తోంది. ఏసోబు సైకిలు దిగి జేబులో చెయ్యి పెట్టాడు.

బండి ఆగలేదు.

"సీసా మోటారు షెడ్లో పెట్టాను ఏసోబూ" అన్నారు రాజుగారు, అటు చూస్తూనే. "నేను ఏలూరు పోతున్నాను."

కప్పు చూసినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది ఏసోబుకి. కండువాతో ముఖం తుడుచుకుని షెడ్డుకి వెళ్లి, మందు కలిపి, సీసాను మూడుసార్లు తొలిచి, చేనంతా కొట్టాడు. పోతూ పోతూ ఆ సీసాను ఎప్పటిలాగే గట్టు మీద పుల్లకి బోర్లించాడు.