మలుపులో వెయ్యని కొమ్మ

డుంబ్రిగుడ దాటాక మా ఊరి గుట్ట ఎక్కే మట్టిదారిలో ఒక మలుపు ఉంది. నేను పుట్టకముందు కట్టెల మోపుతో వస్తున్న ఒక పిల్ల అక్కడ జారిపడి చనిపోయిందట. అటు వెళ్లేవాళ్లు ఆ చోట ఒక పచ్చికొమ్మ వేసి వెళ్లాలి. వెయ్యకపోతే ఆ పిల్ల ఇంటిదాకా తోడొస్తుందని మావాళ్ల నమ్మకం. సైకిల్ ప్రాక్టీసులో నేనూ రోజూ ఆగి వేసేదాన్ని. ఆ పిల్లంటే భయంతో కాదు, అమ్మ తిడుతుందని. నాన్న లేడు. ఇంట్లో అమ్మా నేనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా కొండల్లోనే మౌంటెన్ బైక్ రేసు పెట్టారు. మొదట వచ్చిన అమ్మాయికి బెంగళూరు శిక్షణ శిబిరంలో చోటు. రెండో అమ్మాయికి ఒక కప్పు, నాలుగు చప్పట్లు. జీవితమంతా కాఫీ పళ్లు ఏరడం నా వల్ల కాదని అప్పటికే తేల్చుకున్నాను. ఆ చోటు నాకే కావాలి.

మలుపు దగ్గరికి అందరికంటే ముందు చేరాను. తొమ్మిదైనా మంచు విడలేదు. బ్రేకు మీదికి వేళ్లు వెళ్లాయి. ఎక్కుడులో ఒకసారి ఆగితే మళ్లీ ఊపందుకోవడం కష్టం. ఆగలేదు.

కాస్త దూరం వెళ్లాక వెనక చప్పుడు మొదలైంది. టైర్లది కాదు, ఉత్తకాళ్లతో పరిగెత్తే చప్పుడు. దిగుడులో బ్రేకు వదిలేసినా ఆ చప్పుడు అంతే దూరంలో వచ్చింది. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తొక్కాను.

ముగింపు గీత దాటేసరికి అమ్మ నీళ్లచెంబుతో ఎదురొచ్చింది.

"నీ యెనకాల వొచ్చిన గుంట ఎవులే? కాళ్లకి సెప్పులైనా లేవు. దానికీ బేగి నీళ్లియ్యి."

తిరిగి చూశాను. దారిలో ఏ పిల్లా లేదు. రెండో అమ్మాయి రావడానికి ఇంకా చాలాసేపు పట్టింది. అమ్మ ముఖం మారిపోయింది.

"కొమ్మ ఏసినావా?"

వెయ్యలేదని చెబితే, ఆ పిల్లకి శాంతిపూజ జరిగేదాకా నన్ను గడప దాటనివ్వదు. మర్నాడే బెంగళూరు ప్రయాణం.

"ఏసినానమ్మా," అన్నాను. నమ్మింది.

నెల తర్వాత శిబిరం నుంచి ఊళ్లోని ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి అమ్మని పిలిపించాను. ఒక్కదానివే ఎలా ఉంటున్నావని అడిగితే నవ్వింది.

"ఒక్కద్దాన్నేటే? ఆ గుంట ఉంది కదా. మాటాడదు గానీ, పొయ్యి కాడ కూకుంటాది."

అప్పుడే బస్సెక్కి ఇంటికి వెళ్లాల్సింది. కానీ మర్నాడు జట్టు ఎంపిక రేసు ఉంది. జాగ్రత్త అని చెప్పి ఫోన్ పెట్టేశాను.