దిల్‌సుఖ్‌నగర్ నీళ్లలో నలభై నిమిషాలు

పెద్ద అంబర్‌పేట్ దాటి మా ఆర్మీ ట్రక్కు ఎల్బీనగర్ చేరేసరికి ఉదయం ఐదున్నర. వాన ఆగలేదు. తొమ్మిది మందిమి. వెనక ట్రాలీ మీద పవర్‌బోటు. దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక కాలనీ మునిగి రెండు రోజులైంది. నేను బోటు మెకానిక్‌ని, నల్లగొండ జిల్లా వాణ్ణి. సరిహద్దు డ్యూటీలు చాలా చేశాను. మనవాళ్ల మధ్య చేసింది ఇదొక్కటే.

ఆరింటికి బోటు దించాం. నడుం లోతు నీళ్లు, డీజిల్ కంపు. ఒడ్డున వంద మంది దాకా ఉన్నారు. ఎవరూ దారివ్వలేదు.

"రెండు దినాలైంది. ఇప్పుడు యాదికొచ్చినమా?" అని ఒకాయన అరిచాడు.

మొదటి ట్రిప్పులో ఆరుగురిని తెచ్చాం. రెండో ట్రిప్పులో, నాలా నీళ్లు వీధికి అడ్డంగా దూకుతున్న చోట, బోటు నడుపుతున్న మా నాయక్ స్టీరింగు తిప్పినా బోటు తిరగలేదు. గోడకు కొట్టుకుంది. తెడ్లతో వెనక్కి తెచ్చాం. ఇంజిను దగ్గర స్టీరింగు సిలిండర్ కడ్డీ వెంట నూనె కారుతోంది. నూనె ఆపే రబ్బరు సీలు పోయింది, నూనె ఒత్తిడి లేక స్టీరింగు పనిచేయలేదు.

ఆ చెమ్మ నెల కిందటే చూశాను. అప్పుడే సీలు మార్చాల్సింది. నూనె పోసి, గుడ్డతో తుడిచి, 'ఫిట్' అని సంతకం పెట్టాను.

వైర్‌లెస్‌లో మా బృందం పెద్ద సుబేదార్ సాబ్ అడిగాడు. "ఎంతసేపు?"

"నలభై నిమిషాలు సాబ్."

"తెడ్లతో పోలేరా?"

"ఆ వరదను దాటలేం సాబ్."

పక్కనే ఉన్న మనిషి నా కాలర్ పట్టుకున్నాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. "మా అమ్మ పైఅంతస్తులో ఆక్సిజన్ మీద ఉంది. సిలిండర్ గంట కూడా రాదు. మీరిక్కడ రిపేర్లు చేసుకుంటారా?"

నాయక్ అతణ్ణి లాగేశాడు. ఎక్కడినుంచో రాయి వచ్చి ఇంజిను మూతకు తగిలింది. నేను తలెత్తలేదు.

వాన నీళ్లు లోపల పడకుండా నాయక్ రెయిన్‌కోటు పట్టాడు. స్టీరింగు సిలిండర్ చివరి మూత విప్పాను. పాత సీలు అంచు చిరిగి ఉంది. కడ్డీ మరలు కొత్త సీలును గీరకుండా వాటికి టేపు చుట్టి, సీలుకు గ్రీజు రాసి, అంచు నూనె వైపు ఉండేలా ఎక్కించాను. తిరగేస్తే మళ్లీ కారుతుంది. తర్వాత స్టీరింగు ఒకసారి ఎడమ చివరికి, ఒకసారి కుడి చివరికి తిప్పించి, బుడగలు ఆగేదాకా నూనె పోస్తూ గాలి తీశాను. ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది.

నా కాలర్ పట్టుకున్నతను బోటులోకి దూకాడు. "నేనూ వస్తా. మీ మీద నమ్మకం లేదు."

ఈసారి బోటు తిరిగింది. మేం మెట్లెక్కేసరికి ఆక్సిజన్ సిలిండర్ ముల్లు సున్నా మీద ఉంది. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. కుర్చీలో కూర్చోబెట్టి దించాం. ఒడ్డున అంబులెన్సులో కొత్త సిలిండర్ పెట్టారు. బతికిందని మధ్యాహ్నం కబురొచ్చింది.

అప్పుడు సుబేదార్ సాబ్‌కు సంతకం సంగతి చెప్పాను. "రాసివ్వు" అన్నాడు. రాసిచ్చాను. నా ప్రమోషన్ ఆగింది.

మర్నాడు ఆమె కొడుకు క్యాంపుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నిన్న కోపంలో ఏదో అన్నాను, ఏమీ అనుకోకండి" అన్నాడు. అతనికీ చెప్పాను. చెయ్యి వదిలేశాడు. "చూసి కూడా ఊరుకున్నారా?" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఐదో రోజు నీళ్లు తీశాయి. బోటు కడిగి, ట్రాలీ ఎక్కించి, యూనిట్‌కు తిరిగొచ్చాం. ఆ సీలు మళ్లీ కారలేదు. తర్వాత నాలుగేళ్లకు రిటైరై ఇంటికొచ్చేశాను.

ఒక్కటి మాత్రం పోలేదు. అంబులెన్సు తలుపులు మూస్తుండగా ఆమె చెయ్యి స్ట్రెచర్ పక్కకు జారింది. తెల్లటి సన్నని ముంజేయి. దాని మీద, నేను పట్టుకున్న చోట, నల్లటి గ్రీజుతో ఐదు వేళ్ల ముద్ర.